కొండను శిల్పంగా, శిల్పాన్ని కథగా మలచిన లేపాక్షి

ఆరుబయలు శిల్పకళకు, స్థానిక గాథలకు నెలవైన లేపాక్షి గ్రామం శ్రీ సత్యసాయి జిల్లాలో, హిందూపురానికి తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరంలో కలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన జరిగిన జిల్లాల పునర్‌వ్యవస్థీకరణకు పూర్వం ఇది అనంతపురం జిల్లాలో భాగంగా ఉండేది. ఇక్కడి వీరభద్రస్వామి ఆలయం, దానికి కొద్ది దూరంలో రహదారి పక్కన ఆకాశమే కప్పుగా కొలువుదీరిన ఏకశిలా బసవన్న, ఆలయ ప్రాకారంలోని ఏడు పడగల నాగలింగం, పైకప్పు లేని కల్యాణ మండపం విజయనగర కాలపు శిల్పుల ప్రతిభకు తార్కాణాలుగా నిలిచి ఉన్నాయి.

లేపాక్షి శిల్పాలకు ఒక ప్రత్యేకత కలదు. ఇచ్చటి ప్రధాన శిల్పాలు మరొక చోట చెక్కి తెచ్చి నిలిపినవి కావు. ఉన్న కొండలో, ఉన్న బండలో, ఉన్న చోటనే రూపుదిద్దుకొన్నవి. శిల్పం ముగిసిన చోట కథ మొదలైనది. రాతిలోని ప్రతి పగులుకు, ప్రతి మరకకు, ప్రతి గుంటకు ప్రజలు ఒక గాథను అల్లుకొన్నారు. ఈ విధంగా కొండ, శిల్పం, కథ మూడూ ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నందున వీటిలో ఏ ఒక్కటి కోల్పోయినా మిగిలిన రెండూ అర్థం కోల్పోతాయి. లేపాక్షి పరిరక్షణను గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ ముందుగా గుర్తించవలసిన అంశమిది.

తాబేటి వీపు వంటి కొండ

ఆలయం నెలకొన్న గుట్టకు కూర్మశైలమని పేరు. తాబేటి వీపును పోలిన ఆకారమే ఈ పేరుకు కారణం. ఎత్తైన శిఖరాలు గాని, లోతైన లోయలు గాని ఇక్కడ లేవు. గుండ్రని బండలు, ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే రాతి గుట్టలు, వాటి నడుమ పొలాలు, చెరువులు, ముళ్ల పొదలు ఈ ప్రాంతపు సహజ స్వరూపం.

దక్షిణ పీఠభూమిలోని ఈ భాగం భూమిపై అతి ప్రాచీనమైన శిలలతో ఏర్పడినది. ఇక్కడి గ్రానైటు శిలల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తలు నిర్ధారించారు. నేల అడుగున పుట్టిన ఈ శిల పైనున్న మట్టి కొట్టుకొనిపోయిన కొద్దీ వెలుపలికి వచ్చినది. పగటి ఎండకు వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి, బీటల వెంట నీరు ఇంకి, ఉల్లిపాయ పొరల వలె పైపొరలు ఊడిపోగా మూలలు అరిగి బండలు గుండ్రని ఆకారం పొందాయి. ఎవరో బొంగరాలు పేర్చినట్లుగా కనిపించే ఈ గుట్టలు ప్రకృతి మలచిన తొలి శిల్పాలు.

పూర్వపు అనంతపురం జిల్లా దేశంలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతాలలో ఒకటి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. రైతుకు శాపంగా పరిణమించిన ఈ వర్షాభావం శిల్పానికి మాత్రం కొంత మేలు చేసినది. తేమ తక్కువగా ఉండుటచే నాచు, పాకుడు పట్టే అవకాశం తగ్గినది. దాదాపు అయిదు శతాబ్దాల పాటు పైకప్పు లేకుండా నిలిచినప్పటికీ బసవన్న మెడలోని గంటలు, పట్టెడలు నేటికీ స్పష్టంగా కనిపించుటకు శిల గట్టిదనంతో పాటు ఈ పొడి వాతావరణం కూడా తోడ్పడినది.

విజయనగర కాలపు నిర్మాణం

విజయనగర సామ్రాజ్యాన్ని 1529 నుంచి 1542 వరకు పాలించిన అచ్యుతదేవరాయల కాలంలో లేపాక్షి ఆలయం ప్రస్తుత రూపాన్ని సంతరించుకొన్నది. పెనుకొండ రాజప్రతినిధులుగా వ్యవహరించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ నిర్మాణాన్ని చేపట్టారు. కొండను చదును చేసి ఆలయం కట్టుటకు బదులు, కొండ ఎత్తుపల్లాలను అనుసరించి ప్రాకారాలను, మండపాలను అమర్చినారు. అందువలన ప్రాకారంలో నడిచే యాత్రికుని పాదం కింద అనేక చోట్ల పరచిన రాతికి బదులు కొండ రాయే తగులుతుంది.

ఆలయ నాట్య మండపంలోని స్తంభాలు, పైకప్పుపై గల వర్ణచిత్రాలు విజయనగర చిత్రకళకు మిగిలిన ముఖ్య ఆధారాలలో అగ్రస్థానం వహిస్తున్నాయి. నేలకు పూర్తిగా ఆనకుండా నిలిచిన వేలాడే స్తంభం సందర్శకులను విశేషంగా ఆకర్షిస్తున్నది. దాని కింద వస్త్రాన్ని ఒక వైపు నుంచి మరొక వైపునకు లాగి చూచుట ఇక్కడి ఆనవాయితీ. ఆరుబయట వెలసిన శిల్పాలకు సంబంధించిన చరిత్ర, గాథలు మాత్రం దానికదే ఒక ప్రత్యేక అధ్యాయం.

లేపాక్షి బసవన్న

గ్రామంలో రహదారి పక్కన కొలువైన నంది విగ్రహం సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు కలిగి ఉన్నది. ఇది ఒకే శిలలో మలచిన విగ్రహం. దేశంలోని అతి పెద్ద ఏకశిలా నందులలో ఒకటిగా దీనికి ఖ్యాతి కలదు. మెడలో మువ్వల పట్టెడ, గంటల హారాలు, వీపుపై అలంకారాలు, ఎత్తిన శిరస్సు, నిక్కబొడుచుకొన్న చెవులతో ఈ బసవన్న పిలుపు వినిన వెంటనే లేవబోతున్నట్లు గోచరిస్తాడు.

సాధారణంగా శివాలయాలలో నంది గర్భగుడికి ఎదురుగా మండపంలో ఉంటుంది. లేపాక్షిలో నంది ఆలయ ప్రాకారానికి వెలుపల, దూరంగా ఉన్నది. శిల్పులు నందిని ఆలయం వద్దకు చేర్చలేదు. తగిన బండ ఎక్కడ ఉన్నదో అక్కడనే నందిని దర్శించినారు. నంది చూపు ఆలయ ప్రాకారంలోని నాగలింగంపై నిలిచి ఉన్నదని స్థానికులు చెబుతారు. ఆ విధంగా రెండు బండల మధ్య గల దూరమంతా ఆలయ ఆవరణగా మారినది. నడుమ వచ్చిన ఇళ్లు, చెట్లు, ప్రాకారం గోడలు ఆ చూపును కొంత అడ్డగించినప్పటికీ, బసవన్న ముందు నిలిచి ఆలయం దిశగా చూచిన వారికి ఈ ఏర్పాటులోని ఉద్దేశం బోధపడగలదు.

ఉన్న చోటనే బండను చెక్కుట సులభమైన పని కాదు. గ్రానైటు శిల సున్నపురాయి వలె, సబ్బురాయి వలె మెత్తనిది కాదు. ఉలి ఒక్కసారి జారినా పోయిన ముక్క తిరిగి రాదు. పెద్ద బండలను చీల్చుటకు వరుసగా గాడులు కొట్టి, వాటిలో చీలలు దిగగొట్టుట నాటి పద్ధతి. ఈ గాడుల వరుసలు విజయనగర కాలపు కట్టడాలున్న అనేక ప్రదేశాలలో బండలపై నేటికీ కనిపిస్తాయి. అనవసరమైన భాగాన్ని సమ్మెటతో తొలగించి, పిమ్మట సన్నని ఉలులతో రూపాన్ని తీర్చి, చివరకు రాతితోనే రాతిని నూరి నునుపు చేసేవారు. బండలో సహజంగా ఉండే బీటలు ఎటు పోతున్నవో సుత్తి దెబ్బ ధ్వనిని బట్టి పసిగట్టగలిగిన వానికే ఈ పని అప్పగించేవారు.

వంట పూర్తయ్యే లోపు వెలసిన నాగలింగం

ఆలయ ప్రాకారంలో ఒక పెద్ద బండపై మలచిన నాగలింగం లేపాక్షిలోని మరొక అద్భుతం. మూడు చుట్లు చుట్టుకొన్న సర్పం ఏడు పడగలు విప్పి శివలింగానికి నీడ పట్టిన దృశ్యాన్ని శిల్పులు ఒకే రాతిలో ఆవిష్కరించినారు. దీనికి పైకప్పు లేదు. శిలాసర్పం పడగలే స్వామికి గొడుగు. అదే బండ మరొక పార్శ్వంలో గణపతి రూపం కలదు.

ఈ శిల్పం పుట్టుకను గురించి ప్రచారంలో ఉన్న గాథ ఆసక్తికరమైనది. మధ్యాహ్న భోజనం కొరకు శిల్పులు ఎదురుచూస్తుండగా వారి తల్లి వంట చేస్తున్నదట. వంట పూర్తయ్యేలోగా ఖాళీగా కూర్చొనుట ఇష్టం లేక వారు ఎదురుగా ఉన్న బండపై నాగలింగాన్ని చెక్కినారట. అన్నం తీసుకొని వచ్చిన తల్లి అంతటి శిల్పాన్ని చూచి విస్తుపోగా, ఆమె దృష్టి తగిలి రాయి బీటలు వారినదట. నాగలింగంపై నేడు కనిపించే పగుళ్లకు ప్రజలు చెప్పే కారణమిది.

శాస్త్రీయంగా పరిశీలించినచో గ్రానైటు బండలకు సహజంగానే బీటలు ఉంటాయి. పైనుండి బరువు తొలగినప్పుడు, ఎండకు చలికి లోనైనప్పుడు అవి విచ్చుకొంటాయి. ఇంతటి శిల్పం ఒక పూట పని కాజాలదు. అయినప్పటికీ ఈ కథలో విస్మరించరాని విషయం ఒకటి కలదు. శిల్పుల పేర్లను శాసనాలు మనకు అందించకపోగా, వారి ఆకలిని, వారి తల్లిని, వారి పనితనాన్ని జనం జ్ఞాపకం ఉంచుకొన్నారు. కట్టించిన వారి చరిత్ర రాతిపై నిలిస్తే, చెక్కిన వారి చరిత్ర నోటి మాటగా నిలిచినది.

పైకప్పు లేని కల్యాణ మండపం

ఆలయ ప్రాకారంలోని కల్యాణ మండపం అసంపూర్ణంగా ఉండిపోయిన నిర్మాణం. శివపార్వతుల కల్యాణ ఘట్టాన్ని తలపించే విధంగా దేవతలు, మునులు, దిక్పాలకుల రూపాలతో స్తంభాలు నిలిచి ఉన్నాయి. పైకప్పు మాత్రం లేదు. పెండ్లికి తరలివచ్చిన పెద్దలందరూ పందిరి వేయక మునుపే చేరినట్లు ఈ మండపం కనిపిస్తుంది. సమీపంలోని లతా మండపం స్తంభాలపై పూలు, తీగలు, హంసలు, జ్యామితీయ ఆకృతులు ఒకదానికొకటి పోలిక లేకుండా మలచబడి ఉన్నాయి. ఈ ఆకృతులు చేనేత చీరల అంచులకు ఆదర్శమై లేపాక్షి అంచులుగా పేరొందినాయి.

కల్యాణ మండపం ఎందుకు ఆగిపోయినదన్న ప్రశ్నకు జనశ్రుతి విషాదకరమైన సమాధానం చెబుతున్నది. కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా ధనాన్ని ఆలయానికి వెచ్చించినాడని ఆరోపణ వచ్చినదని, ఆగ్రహించిన రాజు అతని కన్నులు తీయించవలసినదిగా ఆజ్ఞాపించినాడని, ఆ ఆజ్ఞ అమలు కాకమునుపే విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసిరినాడని ఆ గాథ సారాంశం. గోడపై గల రెండు ఎర్రని మరకలను నేటికీ విరూపణ్ణ కన్నుల గుర్తులుగా చూపుతారు. అక్షి అనగా కన్ను గనుక, లేపాక్షి అన్న పేరును కొందరు ఈ గాథతో ముడిపెడతారు.

ఇనుము కలిసిన రాయి గాలికి, తడికి ఎర్రబారుట ప్రకృతి సహజం. విరూపణ్ణ గాథకు చారిత్రక ఆధారం లభించదు. కాని ప్రజాధనాన్ని వెచ్చించిన అధికారి లెక్క చెప్పవలసి ఉన్నదన్న భావన, కళ కొరకు సర్వస్వం కోల్పోయిన మనిషి పట్ల సానుభూతి, రెండూ ఈ ఒక్క కథలో ఇమిడి ఉన్నాయి. రాజును గాని, అధికారిని గాని పూర్తిగా దోషిగా నిలపకుండా తరతరాలుగా ఈ కథను చెప్పుకొనుచుండుట గమనార్హం.

బండపై పాదముద్ర, రాతి పళ్లాలు

కల్యాణ మండపానికి చేరువలో కొండ రాతిపై ఒక పెద్ద పాదముద్ర కలదు. దీనిని సీతమ్మ పాదమని భక్తులు విశ్వసిస్తారు. హనుమంతుని పాదమని చెప్పేవారు కూడా ఉన్నారు. ఈ ముద్రలో ఎల్లవేళలా నీటి చెమ్మ కనిపించుట విశేషం. రాతి బీటల గుండా ఊరే నీరు పల్లపు భాగంలో చేరుట కొండ ప్రాంతాలలో సహజమే. వర్షాభావ ప్రాంతంలో ఎండని తడి ఎక్కడ ఉన్నా దానిని పవిత్రంగా భావించుట కూడా అంతే సహజం.

ఆవరణలోని రాతి నేలపై గుండ్రని పళ్లాల ఆకారాలు చెక్కి ఉన్నాయి. అన్నం, కూరల కొరకు వేర్వేరు గుంటలున్న భోజన పళ్లాల వలె ఇవి కనిపిస్తాయి. శిల్పులు భోజనం చేసిన పళ్లాలని కొందరు, చిత్రకారులు రంగులు కలుపుకొన్న పాత్రలని మరి కొందరు చెబుతారు. ఏ వివరణ సరియైనదైనప్పటికీ, పనివారి నిత్యజీవితానికి చెందిన ఆనవాలు దేవతల రూపాలకు చేరువలో పదిలంగా ఉండుట సందర్శకుల మనసును హత్తుకొంటుంది.

లే పక్షీ అన్న పిలుపు

లేపాక్షి పేరుకు జనంలో అధిక వ్యాప్తి గల వివరణ రామాయణ సంబంధమైనది. సీతాపహరణ సమయంలో రావణుని ఎదిరించి, రెక్కలు తెగి జటాయువు పడినది ఈ చోటనే అని, సీతను వెదుకుచు వచ్చిన శ్రీరాముడు ఆ పక్షిని చూచి "లే పక్షీ" అని కరుణతో పలికినాడని, ఆ పలుకే గ్రామనామమైనదని చెబుతారు. పదాల ఉత్పత్తిని శాస్త్రీయంగా పరిశీలించే వారికి ఇది జనవ్యుత్పత్తిగా తోచవచ్చు. సామాన్య ప్రజలకు మాత్రం ఊరి పేరే ఒక ఓదార్పు మాట.

జటాయువు గాథను తమ ఊరికి అన్వయించుకొన్న ప్రదేశాలు మరికొన్ని ఉన్నాయి. భద్రాచలం సమీపంలోని ఎటపాకను జటాయువుతో ముడిపెట్టి చెప్పే స్థలగాథ గోదావరి తీరవాసులకు సుపరిచితం. కేరళ రాష్ట్రం కొల్లం జిల్లాలోని చడయమంగళం వద్ద గల జటాయుపారై కొండపై కూడా ఇదే గాథ నెలకొని ఉన్నది. శిల్పి, చలనచిత్ర దర్శకులు రాజీవ్ అంచల్ రూపకల్పన చేసిన జటాయువు శిల్పాన్ని ఆ కొండపై 2018లో సందర్శకులకు అందుబాటులోకి తెచ్చారు. నేలపై వెల్లకిలా ఒరిగిన ఆ పక్షి 200 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పు, 70 అడుగుల ఎత్తుతో నిర్మితమైనది.

లేపాక్షిలో సైతం గ్రామ సమీపంలోని బండరాళ్ల గుట్టపై జటాయువు విగ్రహాన్ని నెలకొల్పారు. మెట్ల మార్గం గుండా పైకి చేరిన సందర్శకులకు చుట్టుపక్కల గల పొలాలు, గుట్టలు కనుచూపు మేర కనిపిస్తాయి. బసవన్నకు, ఈ జటాయువుకు మధ్య అయిదు శతాబ్దాల అంతరం కలదు. అది బండ నుంచి పుట్టిన రూపం, ఇది బండపై నిలిపిన రూపం. అయినను రెండింటికీ మూలం ఒక్కటే. ఊరిలోని రాయిని చూచి ఊరి కథను తలచుకొనే అలవాటు నేటికీ సజీవంగా ఉన్నదనుటకు గుట్టపై గల ఈ పక్షి నిదర్శనం.

రామాయణ గాథలు ఈ ప్రాంతపు పల్లెలకు చేరినది ప్రధానంగా తోలుబొమ్మలాట ద్వారా. ఇదే జిల్లాలోని ధర్మవరం మండలం నిమ్మలకుంట గ్రామం తోలుబొమ్మల తయారీకి ప్రసిద్ధి గాంచినది. ఆ గ్రామానికి చెందిన కళాకారులు దళవాయి చలపతిరావును భారత ప్రభుత్వం 2020లో పద్మశ్రీ పురస్కారంతో సత్కరించినది.

ఉన్న చోటి శిల, తరలించిన శిల

ఏకశిలా విగ్రహాన్ని ఉన్న చోటనే చెక్కుటలోని వివేకం ఆధునిక కాలపు ఒక అనుభవంతో మరింత స్పష్టమవుతుంది. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధ విగ్రహం కొరకు 1985లో పనులు ప్రారంభమైనాయి. నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని రాయగిరి వద్ద లభించిన గ్రానైటు శిలను ఎస్.ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో మలచినారు. సుమారు 58 అడుగుల ఎత్తు గల ఆ విగ్రహాన్ని హైదరాబాదుకు తరలించి, 1990 మార్చి 10వ తేదీన సరస్సు మధ్యకు చేర్చుచుండగా పడవ ఒరిగి విగ్రహం నీట మునిగినది. ఆ దుర్ఘటనలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని వెలికి తీసి 1992 డిసెంబరు 1వ తేదీన జిబ్రాల్టర్ శిలపై నిలబెట్టినారు.

ఆ విగ్రహం నేడు హైదరాబాదు నగరానికి గుర్తుగా వెలుగొందుచున్నది. అందలి శిల్పనైపుణ్యం నిస్సందేహమైనది. కాని వందల టన్నుల శిలను దాని పుట్టినింటి నుంచి కదలించుట ఎంతటి సాహసమో, అందుకు చెల్లించవలసి వచ్చిన మూల్యం ఎంతటిదో ఈ ఉదంతం వెల్లడిస్తున్నది. యంత్రాలు లేని 16వ శతాబ్దంలో లేపాక్షి శిల్పులు బండ వద్దకు తామే వెళ్లినారు గాని బండను తమ వద్దకు రప్పించలేదు.

తెలుగువారి జీవనంలో బసవన్న

లేపాక్షి బసవన్న ప్రభావం ఆ గ్రామ పొలిమేరలను దాటి విస్తరించినది. కవి, చిత్రకారులు అడివి బాపిరాజు ఈ బసవన్నను సంబోధిస్తూ రచించిన గేయం తెలుగునాట విశేష ప్రాచుర్యం పొందినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో నెలకొల్పిన చలనచిత్ర పురస్కారాలకు నంది పేరు పెట్టుటకు లేపాక్షి బసవన్నయే ప్రేరణ. రాష్ట్ర హస్తకళల అభివృద్ధి సంస్థ విక్రయశాలలు లేపాక్షి పేరుతోనే ప్రజలకు సుపరిచితమైనాయి.

రాతి నందిని జీవమున్న ప్రాణిగా భావించే సంప్రదాయం రాయలసీమలో మరొక చోట కూడా బలంగా కనిపిస్తుంది. నంద్యాల జిల్లా యాగంటిలోని బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని, కలియుగాంతమున లేచి రంకె వేస్తాడని ప్రజల విశ్వాసం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో ఈ ప్రస్తావన కలదని భక్తులు చెబుతారు. పశువును ఇంటి మనిషిగా చూచుకొన్న సేద్యగాని మనసు నుంచి ఇట్టి విశ్వాసాలు పుట్టినవని భావించవచ్చును. కరవు కాలంలో మేత లేక ఎద్దును సంతకు తోలవలసి వచ్చిన సీమలో ఎన్నటికీ వన్నె తగ్గని ఎద్దు ఒకటి ఊరి మొగదల ఉండుట ప్రజలకు ధైర్యం.

పరిరక్షణ ఆవశ్యకత

లేపాక్షి ఆలయం, బసవన్న విగ్రహం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్నాయి. నంది చుట్టూ ఉద్యానవనాన్ని పెంచి కంచె ఏర్పాటు చేశారు. ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన 200 మీటర్ల వరకు నిర్మాణాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి. రక్షిత కట్టడానికి హాని కలిగించిన వారికి రెండేళ్ల వరకు జైలు శిక్ష గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును.

లేపాక్షి వీరభద్రాలయాన్ని, ఏకశిలా నందిని 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చారు. తాత్కాలిక జాబితాలో చేరుట తుది గుర్తింపు కాదు. గుర్తింపు లభించుటకు కట్టడం విశిష్టతతో పాటు దాని పరిసరాల స్థితి, నిర్వహణ తీరు కూడా పరిశీలనకు వస్తాయి. 2024 జనవరి 16వ తేదీన ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ వీరభద్రాలయాన్ని సందర్శించినప్పుడు ఈ క్షేత్రం మరొకసారి దేశవాసుల దృష్టిని ఆకర్షించినది.

చట్టం శిల్పాన్ని, దాని చుట్టూ కొన్ని వందల మీటర్ల మేర స్థలాన్ని కాపాడగలదు. దూరాన కనిపించే గుట్టలు ఆ పరిధిలోనికి రావు. రాయలసీమలో గ్రానైటు తవ్వకం ఒక పెద్ద పరిశ్రమ. అనేక కుటుంబాలకు అది జీవనాధారం. అదే సమయంలో 250 కోట్ల సంవత్సరాల వయసు గల గుట్ట ఒకసారి పలకలై పోయిన తరువాత దానిని తిరిగి నిలపగల శక్తి ఎవరికీ లేదు. లేపాక్షి శిల్పులు ఎందుకు బండను ఎంచుకొన్నారో, జటాయువు ఇచ్చటనే పడినాడని ప్రజలు ఎందుకు నమ్మినారో భావితరాల వారు గ్రహించవలెనన్నచో బసవన్న వెనుక ఆ గుట్టలు కనిపించుచుండవలెను.

శిల్పాలకు సందర్శకుల వలన కలిగే హాని కూడా తక్కువ కాదు. గ్రానైటు ఎంతటి గట్టి రాయి అయినప్పటికీ అనేక చేతులు తాకిన చోట అరుగుతుంది. నూనె, కుంకుమ, పసుపు రాసిన చోట ధూళి అంటుకొని రాయి రంగు మారుతుంది. ఛాయాచిత్రాల కొరకు విగ్రహంపైకి ఎక్కుట, పేర్లు చెక్కుట, బీటలలో నాణేలు దోపుట వంటి పనుల వలన జరిగిన నష్టాన్ని పూడ్చుట సాధ్యం కాదు. నాగలింగంపై గల బీటలలో నీరు నిలవకుండా, మొక్కలు మొలవకుండా నిరంతరం జాగ్రత్త వహించవలసి ఉన్నది.

మూడవది కథల పరిరక్షణ. గాథలను చెప్పగల గ్రామ వృద్ధులు, స్థానిక మార్గదర్శకులు ఉన్నంత వరకే నాగలింగం పగుళ్లు తల్లి దృష్టిగా, ఎర్రని మరకలు విరూపణ్ణ కన్నులుగా మిగులుతాయి. ఒకే గాథకు గల వేర్వేరు పాఠాలను పాఠశాల విద్యార్థులు తమ ఇండ్లలోని పెద్దల వద్ద అడిగి రాసుకొన్నచో అది గ్రామానికి విలువైన నిధి కాగలదు. శిల్పవిద్య కొనసాగింపు కూడా ఇందులో అంతర్భాగమే. తిరుమల తిరుపతి దేవస్థానములు తిరుపతిలో నిర్వహించుచున్న సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ, నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ, పల్నాడు జిల్లా దుర్గి వంటి చోట్ల వంశపారంపర్యంగా పనిచేయుచున్న శిల్పులు ఈ విద్యను నిలబెట్టుచున్నారు.

చేరుకొను మార్గం

లేపాక్షికి సమీప రైల్వే స్టేషను హిందూపురం. అక్కడి నుంచి బస్సులు, ఆటోలు లభిస్తాయి. బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్ల దూరం. హైదరాబాదు, బెంగళూరు నగరాలను కలిపే 44వ నంబరు జాతీయ రహదారిపై కొడికొండ తనిఖీ కేంద్రం వద్ద మలుపు తీసుకొని కూడా గ్రామానికి చేరవచ్చును. వేసవిలో రాతి నేల మిక్కిలి వేడెక్కుతుంది. పాదరక్షలు విడిచి నడవవలసిన ఆలయ ప్రాకారాన్ని ఉదయం వేళ దర్శించుట శ్రేయస్కరం. సాయంకాలపు ఏటవాలు ఎండలో బసవన్న మెడలోని గంటల చెక్కడం స్పష్టంగా కనిపిస్తుంది.

బసవన్నను చూచి వెనుదిరుగు యాత్రికులు ఆలయం దిశగా కొంత దూరం కాలినడకన సాగినచో, ఇరుపక్కల గల బండలలో ఇంకా చెక్కని నందులు, నాగులు ఎన్నో దాగి ఉన్నట్లు తోచక మానదు. ఆ బండలను అట్లే ఉండనిచ్చుట, వాటిని గురించిన మాటను మరొక తరానికి అందించుట లేపాక్షిని దర్శించిన ప్రతి ఒక్కరి బాధ్యత.